దక్షిణ పినాకిని గట్టున ఒక రోజు: హోసూరు నుంచి కావేరిపట్నం దాకా

నంది కొండల సీమలో పుట్టిన రెండు పినాకినుల్లో ఉత్తర పినాకిని కథ గత సంచికతో ముగిసింది. పెన్న అని మనం పిలుచుకునే ఆ నది అనంతపురం, కడప, నెల్లూరు జిల్లాల మీదుగా సముద్రంలో కలిసి, తెలుగు కవిత్వంలోనూ తెలుగు సేద్యంలోనూ తన చోటు తాను సంపాదించుకుంది. దాని తోడబుట్టిన దక్షిణ పినాకినికి ఆ అదృష్టం లేదు. అది బెంగళూరుకు తూర్పు పక్కగా దిగి, హోసూరు దగ్గర తమిళనాడులో అడుగుపెట్టి, కృష్ణగిరి, సాత్తనూరు, తిరుక్కోవిలూరు దాటి కడలూరు దగ్గర బంగాళాఖాతంలో కలుస్తుంది. తమిళులకు అది తెన్‌పెణ్ణై. కానీ తమిళనాట దాని మొదటి మజిలీ అంతా తెలుగు, కన్నడం, తమిళం మూడూ కలిసి బతికే మొరసునాడే.

ఈ సంచికలో ఆ మజిలీ చూద్దాం. పొద్దున్నే హోసూరులో బయలుదేరితే రాయకోట, కృష్ణగిరి మీదుగా చీకటి పడేలోపు కావేరిపట్నం చేరుకోవచ్చు. దారిపొడుగునా కొండమీద కోటలు కనిపిస్తూనే ఉంటాయి. ఇక్కడి చరిత్ర అనగానే అందరూ ఆ కోటల వైపే వేలు చూపిస్తారు. మైసూరు ఏలిన హైదరు, టిప్పు, ఈస్టిండియా కంపెనీ తరఫున వచ్చిన కారన్‌వాలిస్ పేర్లన్నీ వాటి చుట్టూనే తిరుగుతాయి. అయితే కోటల కోసం జరిగిన యుద్ధాలన్నీ నిజానికి కింద పండే గింజ కోసం, ఆ గింజ నడిచే దారి కోసం జరిగినవి. కోటలు ఖాళీ అయిపోయాక మిగిలింది ఆ నేల, ఆ నేల లెక్క. దారి వెంట ఒక్కో ఊరూ ఆ మాటకు సాక్ష్యం చెబుతుంది.

హోసూరు గుట్ట మీద నుంచి

హోసూరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. ఎండాకాలంలోనూ పొద్దుటి పూట గాలి చల్లగా ఉంటుంది. ఊరికి ఆనవాలు చంద్రచూడేశ్వరుడి గుట్ట. గుడిలో అమ్మవారు మరకతాంబిక. మార్చి ప్రాంతంలో జరిగే తేరుకు మూడు రాష్ట్రాల జనం వస్తారు. మెట్లెక్కే వాళ్ళలో ఒకరు తెలుగులో, ఇంకొకరు కన్నడంలో, మరొకరు తమిళంలో మొక్కుకోవడం ఇక్కడ వింత కాదు.

గుడి రాళ్ళ మీద చోళుల కాలపు, హోయసళుల కాలపు శాసనాలున్నాయి. తమిళ మైదానపు రాజులకు ఇది ఉత్తరపు అంచు, కన్నడ పీఠభూమి రాజులకు తూర్పు అంచు. ఇద్దరూ ఇక్కడ దానాలిచ్చారంటే ఇద్దరికీ ఈ అంచు అవసరమైందని అర్థం. ఆ అవసరం ఎంతటిదో హోయసళ రామనాథుడి కథ చెబుతుంది. తండ్రి సోమేశ్వరుడి తర్వాత హోయసళ రాజ్యం రెండుగా చీలింది. దోరసముద్రం నరసింహుడికి, శ్రీరంగం పక్కనున్న కణ్ణనూరు రామనాథుడికి దక్కాయి. 1279 ప్రాంతంలో పాండ్యుల ఒత్తిడికి రామనాథుడు కావేరి సీమ వదులుకుని ఎక్కడికి వచ్చాడనుకున్నారు? కృష్ణగిరికి ఉత్తరాన, వేపనపల్లి వైపున్న కుందాణికి. ఇవాళ చిన్నకొత్తూరు పక్కన ఒక మామూలు పల్లెలా కనిపించే ఆ చోటు కొన్నేళ్ళపాటు ఒక హోయసళ రాజుకు రాజధాని. మైదానంలో ఓడినవాడు పీఠభూమి అంచుకు వచ్చి నిలదొక్కుకోవడం ఈ సీమలో తర్వాత కూడా చాలాసార్లు జరిగింది.

గుట్ట మీద నుంచి కిందికి చూస్తే ఇప్పుడు కనిపించేది వేరే రాజ్యం. సిప్‌కాట్ పారిశ్రామికవాడ, టీవీఎస్, అశోక్ లేలాండ్, టైటాన్ ఫ్యాక్టరీలు, వాటి మధ్య గులాబీ తోటల పాలీహౌస్‌ల తెల్లటి కప్పులు. ఫిబ్రవరిలో ప్రేమికుల రోజుకు ఇక్కడి గులాబీలు విమానమెక్కి విదేశాలకు పోతాయి. గుర్రాల పోషణ కోసం కంపెనీ సర్కారు మెచ్చిన వాతావరణమే ఈ తోటలకూ కలిసొచ్చింది. పక్కనున్న మత్తిగిరి పశువుల ఫారం 19వ శతాబ్దంలో సైన్యానికి గుర్రాలు పెంచడానికి పెట్టిందే.

1791 జులైలో ఈ గుట్ట కింది కోట టిప్పు చేతిలోంచి జారిపోయింది. ఆ ఏడాది మార్చి 21న కారన్‌వాలిస్ బెంగళూరు కోట పట్టాడు. మేలో శ్రీరంగపట్నం గోడల దాకా వెళ్ళాడు కానీ తిండి లేక, పశువులు చచ్చిపోయి, బరువైన ఫిరంగులను తానే పగలగొట్టుకుని వెనక్కి తిరిగాడు. అప్పుడు తెలిసొచ్చింది అతనికి, ముందు కావాల్సింది శ్రీరంగపట్నం కాదు, ధాన్యం నడిచే దారి అని. మద్రాసు నుంచి, కర్నాటిక్ మైదానం నుంచి బియ్యం ఎక్కి రావాలంటే కనుమ కిందనున్న బారామహల్ సీమ దాటి కనుమ ఎక్కి హోసూరు మీదుగానే రావాలి. లంబాడీల ఎద్దుల మందలు మోసుకొచ్చే గింజ మీదే అతని సైన్యం బతుకుతోంది. అందుకే వానాకాలమని చూడకుండా హోసూరు మీదికి దండు పంపాడు. మైసూరు దళం కోట వదిలి వెళ్ళిపోయింది. వెళ్ళేముందు అక్కడ బందీలుగా ఉన్న ముగ్గురు ఆంగ్లేయులను చంపారని కంపెనీ పక్షం రాతలు చెబుతాయి. గెలిచినవాళ్ళు రాసుకున్న చరిత్ర ఇది. ఆ కోటలో పనిచేసిన ఊరివాళ్ళ సంగతి మాత్రం అందులో ఒక్క ముక్క లేదు.

తొరపల్లి, కెలవరపల్లి: ఒకే నది, రెండు కాలాలు

హోసూరు దాటి నది వైపు తిరిగితే తొరపల్లి. చిన్న అగ్రహారం వీధి, ఒక పెంకుటిల్లు. ఇప్పుడది ప్రభుత్వ స్మారకం. 1878 డిసెంబరు 10న చక్రవర్తి రాజగోపాలాచారి ఈ ఇంట్లో పుట్టారు. తండ్రి ఆ ఊరి మునసబు. అయిదేళ్ళ వయసులో కుటుంబం హోసూరుకు మారింది. బడి చదువు అక్కడే మొదలైంది. ఈ పల్లె మునసబు కొడుకు 1948లో స్వతంత్ర భారతానికి గవర్నర్ జనరల్ అయ్యారు. ఆ పదవిలో కూర్చున్న భారతీయుడు ఆయన ఒక్కరే.

పుట్టిన ఏడు గమనించండి. 1876లో మొదలైన ధాత కరువు దక్షిణాదిని రెండేళ్ళకు పైగా పీడించింది. బాగా దెబ్బతిన్న జిల్లాల్లో సేలం ఒకటి, హోసూరు అప్పుడు ఆ జిల్లాలోదే. రాజాజీ పుట్టేనాటికి ఆ కరువు గాయాలు ఇంకా పచ్చిగానే ఉన్నాయి. పన్ను కట్టలేని రైతు దగ్గర పన్ను వసూలు చేయడం, ఎవరు ఊళ్ళో మిగిలారో ఎవరు వలస పోయారో లెక్క రాసి పైకి పంపడం ఊరి మునసబు పని. అలాంటి మునసబు ఇంట్లో ఈ బిడ్డ పెరిగాడు. స్మారకంలో గోడల నిండా పెద్దల సరసన దిగిన ఫోటోలు ఉంటాయి. వాటిని చూసి బయటికొచ్చి, ఎదురుగా ఉన్న మడి చెక్కలను, చెరువు కట్టను కూడా కాసేపు చూడాలి. ఆ ఇంటి జీవితం గడిచింది వాటి లెక్కలోనే.

తొరపల్లి నుంచి వెనక్కి, హోసూరు దగ్గర్లో కెలవరపల్లి ఆనకట్ట ఉంది. ఇక్కడ చూడాల్సిన దృశ్యం ఏ పర్యాటక కరపత్రంలోనూ ఉండదు. వానలు పడి గేట్లు ఎత్తిన రోజుల్లో నీళ్ళు కిందికి దూకేచోట తెల్లటి నురగ లేస్తుంది. అది గేట్ల కింద గుట్టగా పేరుకుని, గాలి వీస్తే తెగిపడి, గట్టు దాటి రోడ్డు మీదికీ పొలాల్లోకీ ఎగిరిపోతుంది. మోటారు సైకిళ్ళ మీద వచ్చే కుర్రాళ్ళు ఆగి సెల్ఫీలు దిగుతారు. ఊరి రైతులు మాత్రం ముక్కుకు తువ్వాలు అడ్డం పెట్టుకుని దాటిపోతారు. బెంగళూరులో బెళ్ళందూరు, వర్తూరు చెరువులు నిండి పొర్లే మురుగు చివరికి చేరేది ఈ నదిలోకే. సబ్బు నీళ్ళూ, శుద్ధి చేయని పారిశ్రామిక వ్యర్థాలూ కలిసి ఈ నురగ పుడుతుంది. కింద ఆయకట్టులో ఆ నీళ్ళతోనే పంట పెడతారు. తమిళనాట అడుగుపెడుతూనే నది పరిస్థితి ఇది.

నీళ్ళ పంపకం తగాదా కూడా కొత్తదేం కాదు. పై రాజ్యం ఎంత ఆపుకోవచ్చు, కింది రాజ్యానికి ఎంత వదలాలి అన్నదాని మీద 1892లోనే మైసూరు సంస్థానానికీ మద్రాసు సర్కారుకూ ఒప్పందం కుదిరింది. దక్షిణ పినాకిని ఆ ఒప్పందంలో ఉంది. దీని ఉపనది మార్కండేయ మీద కర్ణాటక కట్టిన ఆనకట్ట గురించి తమిళనాడు సుప్రీంకోర్టుకు వెళ్ళినప్పుడు ఆ 1892 కాగితమే మళ్ళీ బయటికి తీశారు.

రాయకోట: కనుమకు తాళం

హోసూరు నుంచి కృష్ణగిరికి జాతీయ రహదారి మీద గంటలో దిగిపోవచ్చు. చరిత్ర కోసం వచ్చినవాళ్ళు మాత్రం ఆ దారి వదిలి రాయకోట మీదుగా వెళ్ళాలి. నదికి కొంచెం ఎడంగా జరుగుతాం కానీ, పీఠభూమి అంచు ఎక్కడ విరిగి కిందికి జారుతుందో కళ్ళారా కనిపించేది ఇక్కడే. పైన బాలాఘాట్, కింద బారామహల్. పన్నెండు కొండకోటల సీమ కాబట్టి దానికి ఆ పేరని చెబుతారు. హోసూరుకూ కృష్ణగిరికీ మధ్య ఎత్తులో దాదాపు 400 మీటర్ల తేడా ఉంది. ఆ తేడాను దాటే పాత దారికి రాయకోట కాపలా.

ఊరు టమాటా మార్కెట్‌తో మెలకువలోకి వస్తుంది. ట్రేలు దింపే చప్పుడు, వేలంపాట అరుపులు. "ఏమన్నా, ఈ పొద్దు పెట్టె ఎంత పలికింది?" అని తెలుగులో అడిగితే తెలుగులోనే జవాబొస్తుంది. పక్కవాడితో అదే మనిషి తమిళంలో బేరమాడతాడు. మార్కెట్ వెనక గోడలా నిలిచిన కొండ మీద కోట ఉంది. ఇప్పుడది పురావస్తు శాఖ రక్షణలో ఉంది. బురుజులు, కొండకొమ్మున రాతిలో తొలిచిన నీటి గుంటలు, కూలిన ఇళ్ళ పునాదులు మిగిలాయి. సగం ఎక్కేసరికే కనుమ దారి మొత్తం అరచేతిలో గీతలా కనిపిస్తుంది. దండు ఎటు నుంచి వచ్చినా కోటలో కావలివాడి కంట పడకుండా దాటలేదు.

హోసూరు చేజిక్కిన కొద్ది రోజులకే, అదే 1791 జులైలో మేజర్ గౌడీ అనే కంపెనీ అధికారి ఈ కోట పట్టాడు. మరుసటి ఏడాది మార్చిలో శ్రీరంగపట్నం సంధి. టిప్పు సగం రాజ్యం వదులుకున్నాడు, 3 కోట్ల 30 లక్షల రూపాయలు కట్టడానికి ఒప్పుకున్నాడు, ఇద్దరు కొడుకులను జామీనుగా పంపాడు. బారామహల్, సేలం కంపెనీ పాలయ్యాయి. హోసూరు మాత్రం టిప్పుకే తిరిగి పోయింది. దాంతో ఏడేళ్ళపాటు రాయకోట రెండు రాజ్యాల సరిహద్దు ఠాణా అయింది.

సంధి సిరా ఆరకముందే చిత్రకారులు వచ్చారు. థామస్ డేనియల్, అతని అన్న కొడుకు విలియం డేనియల్ 1792లో మద్రాసు నుంచి బయలుదేరి ఈ కనుమల మీదుగా పైకెక్కారు. అప్పటిదాకా బ్రిటన్ పత్రికల్లో యుద్ధవార్తల్లో మాత్రమే వినిపించిన హోసూరు, రాయకోట, జగదేవి పేర్లు వాళ్ళ బొమ్మల్లోకి ఎక్కాయి. తర్వాత లండన్‌లో వెలువడిన 'ఓరియంటల్ సీనరీ' సంపుటాల్లో ఆ కొండకోటల చిత్రాలున్నాయి. ఈ దారిని కేవలం చూడటం కోసం నడిచి, చూసింది చూసినట్టు లోకానికి చూపించిన మొదటి యాత్రికుల్లో వాళ్ళను లెక్కపెట్టవచ్చు. ఆ బొమ్మల్లో కొండ పెద్దది, కోట గంభీరమైనది, మనిషి చీమంత. కొనుక్కునే దొరలకు కావాల్సింది కూడా అదే, తమ సైన్యం గెలిచిన కొండ ఎంత దుర్గమమో చూపించడం.

1799 మార్చి మొదటి వారంలో జనరల్ హారిస్ సైన్యం ఈ రాయకోట నుంచే మైసూరు నేల మీద కాలుపెట్టింది. అందులో హైదరాబాద్ నిజాం పంపిన దళాలు కూడా ఉన్నాయి. వాటి తరఫున వచ్చిన పెద్దమనిషి మీర్ ఆలం. మే 4న శ్రీరంగపట్నం కూలింది, టిప్పు చనిపోయాడు, హోసూరు కూడా కంపెనీ ఖాతాలోకి వెళ్ళింది. ఆ యుద్ధంలో తన వాటాకు వచ్చిన సొమ్ముతోనే మీర్ ఆలం హైదరాబాద్‌లో తన పేరిట చెరువు కట్టించాడని చెబుతారు. జూపార్క్ పక్కన మీర్ ఆలం చెరువు చూసినవాళ్ళకు రాయకోట మరీ పరాయి ఊరు కాదన్నమాట.

కృష్ణగిరి: కోట ఓడిన చోట లెక్క గెలిచింది

కృష్ణగిరిలో దిగగానే తల ఎత్తకుండా ఉండలేం. ఊరి నెత్తి మీద నిట్టనిలువుగా లేచిన నల్లటి రాతికొండ, దాని మీద విజయనగర కాలపు కోట. పైన సయ్యద్ బాషా దర్గా ఉంది. అన్ని మతాలవాళ్ళూ మొక్కుకోవడానికి ఎక్కుతారు.

తళ్ళికోట యుద్ధం తర్వాత విజయనగర రాజధాని పెనుకొండకు మారిన రోజుల్లో ఆ కోట మీదికి వచ్చిన సుల్తాను సైన్యాలను జగదేవరాయలు అనే నాయకుడు అడ్డుకున్నాడు. ఆ సాహసానికి బదులుగా చెన్నపట్టణం నుంచి బారామహల్ దాకా విస్తరించిన సీమ అతనికి దక్కింది. తెలుగు బణజిగ వంశం వాళ్ళది. కృష్ణగిరికి తూర్పున ఉన్న జగదేవి దుర్గం ఇప్పటికీ ఆయన పేరు మోస్తోంది. పన్నెండు కోటలు కట్టి పన్నెండు మంది కొడుకులకు పంచాడన్నది జనం చెప్పుకునే కథ. ఆ పక్కనే తొగరపల్లి దగ్గర మయిలాడుంపారైలో దొరికిన ఇనుము క్రీ.పూ. 2172 నాటిదని తేలిందని 2022లో తమిళనాడు ప్రభుత్వం శాసనసభలో ప్రకటించింది. రాజులు రాకముందు, కోటలు లేకముందు కూడా ఈ నేల మీద కొలిమి మండిందని, కొడవలి కోసిందని ఆ ఇనుప ముక్కలు చెబుతున్నాయి.

కృష్ణగిరి కోట సామర్థ్యానికి రెండు ఉదాహరణలు చాలు. 1767లో హైదరలీ మీద మొదటి యుద్ధం వచ్చినప్పుడు కంపెనీ సేనలు దీన్ని ఎక్కి పట్టుకోలేకపోయాయి. చుట్టూ కాపలా పెట్టి తిండి దారి మూసి, మరుసటి ఏడు కోటలోవాళ్ళను ఆకలితో లొంగదీశాయి. 1791 నవంబరులో కల్నల్ మాక్స్‌వెల్ కింద పేటను పట్టాడు కానీ రాత్రి పూట పై కోట మీద చేసిన దాడిలో మనుషులను పోగొట్టుకుని వెనక్కి తగ్గాడు. 1792లో కృష్ణగిరి కంపెనీ చేతికి వచ్చింది సంధి కాగితం మీద, ఆ కాగితం వెనకున్న ధాన్యం దారి వల్ల. పదును కత్తిది కాదు, పస్తుది.

అసలు కథ ఆ తర్వాతే ఉంది. కొత్తగా దక్కిన బారామహల్‌ను పాలించడానికి కారన్‌వాలిస్ సివిల్ అధికారులను నమ్మలేదు. కెప్టెన్ అలెగ్జాండర్ రీడ్ అనే సైనికుడిని పంపాడు. అతనికి సహాయకులుగా వచ్చిన యువ అధికారుల్లో థామస్ మన్రో ఒకడు. 1792 నుంచి 1799 దాకా మన్రో ధర్మపురి కేంద్రంగా ఈ సీమలోనే తిరిగాడు. అంతకుముందు ఊళ్ళకు ఊళ్ళు ఇజారాకు తీసుకున్నవాడే రైతు నుంచి అందినంత గుంజేవాడు. రీడ్ బృందం ఆ పద్ధతి పక్కన పెట్టి పొలం పొలం కొలిపించింది. మెట్ట, మాగాణి, తోట అని విడదీసి, మట్టి రకాన్ని బట్టి చెక్కకింత అని శిస్తు కట్టింది. రైతు తన పేరు మీద ఎన్ని చెక్కలు ఉంచుకోవాలో, ఏది వదిలేయాలో ఏటా తానే తేల్చుకోవచ్చునని 1796 నాటికి రీడ్ ఒప్పుకున్నాడు. రైతుకూ సర్కారుకూ మధ్య జమీందారు లేడు. రైత్వారీ పద్ధతికి ఇదే తొలి అడుగు.

ఇది తెలుగువాళ్ళ చరిత్రలో నేరుగా కలిసే మలుపు. 1800లో నిజాం వదులుకున్న సీమ, అంటే మన రాయలసీమ, కంపెనీకి దక్కగానే దాని మీదికి పంపింది ఈ మన్రోనే. బారామహల్‌లో ఏడేళ్ళు నేర్చుకున్న కొలత, చెక్క లెక్క, రైతుతో ముఖాముఖి మాట అన్నీ బళ్ళారి, అనంతపురం, కడప, కర్నూలు సీమలకు వెళ్ళాయి. తర్వాత మద్రాసు గవర్నరై, 1827లో కర్నూలు సీమలోని పత్తికొండలో కలరాతో చనిపోయాడు. రాయలసీమ రైతు చేతిలో పట్టా కాగితం వెనక కృష్ణగిరి, ధర్మపురి పొలాల గట్లున్నాయి.

అయితే రైత్వారీని పొగిడి వదిలేయడానికి వీల్లేదు. శిస్తు రేట్లు మొదటి నుంచీ ఎక్కువే. పంట పండినా ఎండినా నగదు కట్టాల్సిందే. కరువొచ్చినప్పుడు రైతు షావుకారి గుమ్మం తొక్కడం ఆగలేదు. ధాత కరువు ఆ బలహీనతను బట్టబయలు చేసింది. మళ్ళీ అలాంటిది వస్తే ధాన్యం త్వరగా చేర్చాలని 20వ శతాబ్దం మొదట్లో తిరుపత్తూరు నుంచి కృష్ణగిరికి, మొరప్పూరు నుంచి ధర్మపురి మీదుగా హోసూరుకు చిన్న గేజి రైళ్ళు వేశారు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో ఆ పట్టాలు ఎత్తేశారు. హోసూరుకు తర్వాత పెద్ద లైను వచ్చింది. 2004 ఫిబ్రవరి 9న జిల్లా కేంద్రమైన కృష్ణగిరికి మాత్రం ఇప్పటికీ రైలు లేదు.

ఊళ్ళో ప్రభుత్వ మ్యూజియం తప్పక చూడండి. చుట్టుపక్కల పల్లెల నుంచి తెచ్చిన వీరగల్లులు అక్కడున్నాయి. ఇలాంటి రాళ్ళలో సాధారణంగా అడుగు అరలో పోరాటం ఉంటుంది, చేతిలో విల్లో కత్తో పట్టుకున్న మనిషి, ఎదురుగా శత్రువు. దాని పైన అప్సరసలు అతన్ని చెరోపక్క పట్టుకుని తీసుకుపోతుంటారు. అన్నిటికన్నా పైన శివుడి సన్నిధి. ఈ సీమలో పశువుల మందలను కాపాడుతూ చనిపోయినవాళ్ళకు కూడా ఇలాంటి రాళ్ళు నిలిపారు. కోట కట్టిన రాజుల ముఖాలు మనకు తెలియవు. ఊరి మంద కోసం పడిపోయిన మనిషి మీసం, కొప్పుముడి రాతి మీద ఇంకా కనిపిస్తాయి.

ఆనకట్ట దాటి కావేరిపట్నానికి

కృష్ణగిరి నుంచి ధర్మపురి దారిలో కాసేపు వెళితే కేఆర్‌పీ (కృష్ణగిరి రిజర్వాయర్ ప్రాజెక్టు) ఆనకట్ట. హోసూరు దగ్గర విడిచిపెట్టిన నది ఇక్కడ మళ్ళీ కలుస్తుంది. కామరాజ్ ముఖ్యమంత్రిగా ఉన్న రోజుల్లో కట్టి 1958లో వాడకంలోకి తెచ్చారు. నీటిమట్టం 52 అడుగులు, ఆయకట్టు సుమారు 9,000 ఎకరాలు. ఆదివారాల్లో ఇక్కడ చేపల వేపుడు తినడానికి బెంగళూరు నుంచి కూడా జనం వస్తారు. 2017 నవంబరులో ఒక గేటు విరిగి నిల్వ నీళ్ళు వృథాగా పోయాయి. పాత ఆనకట్టల గేట్ల ఆయుష్షు మీద రాష్ట్రమంతా చర్చ జరిగింది. ఆనకట్ట కింద మాగాణి, కొంచెం ఎత్తున మామిడి తోటలు. తోతాపురి గుజ్జు తీసే ఫ్యాక్టరీలు ఇక్కడి మామిడికి ఆధారం. చిత్తూరు రైతులాగే ఇక్కడి రైతు కూడా జూన్ వస్తే గుజ్జు ఫ్యాక్టరీల ధర కోసం ఎదురుచూస్తాడు.

కావేరిపట్నం నది ఒడ్డునే ఉన్న ఊరు. 1767లో హైదరు రెండు రోజుల్లో ఇక్కడి కోటను కంపెనీ దళం నుంచి లాక్కున్నాడు. ఆ కోట ఇప్పుడు లేదు. ఉన్నది పక్కనున్న పెన్నేశ్వరమఠం గుడి. దేవుడి పేరులోనే నది ఉంది. చోళుల, హోయసళుల కాలపు శాసనాలు గోడల మీద ఉన్నాయి. పొద్దు వాలే వేళకు ఇక్కడికి చేరేటట్టు చూసుకుంటే, పక్కవాటు వెలుగులో ఆ అక్షరాల గాట్లు స్పష్టంగా తేలి చదవడానికి వీలుగా ఉంటాయి. ఆ రాతల్లో ఎక్కువ భాగం యుద్ధాల గురించి కాదు. ఎవరు ఎంత నేల ఇచ్చారు, ఏ దీపానికి ఎన్ని పశువులు వదిలారు, ఏ పన్ను మినహాయించారు అన్న లెక్కలే గుడి శాసనాల్లో ప్రధానంగా ఉంటాయి. రీడ్, మన్రోలకు ఆరు వందల ఏళ్ళ ముందే ఈ నేలకు చిట్టా రాసేవాళ్ళు ఉన్నారన్నమాట.

గీతలు మారాయి, ఊళ్ళు అక్కడే ఉన్నాయి

ఈ సీమ మీద గీత గీసినవాళ్ళు ఎందరో. 1792లో రాయకోట దగ్గర ఒక గీత, 1799లో దాన్ని చెరిపి ఇంకో గీత. చివరి గీతలు మన కాలానివి. పొట్టి శ్రీరాములు 1952 డిసెంబరు 15న ప్రాణం వదిలేనాటికి మద్రాసు ముఖ్యమంత్రి తొరపల్లిలో పుట్టిన రాజాజీయే. 1953 అక్టోబరు 1న పదకొండు జిల్లాలు, బళ్ళారిలో మూడు తాలూకాలతో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. సేలం జిల్లా అందులో లేదు. 1956 పునర్వ్యవస్థీకరణలోనూ హోసూరు కదల్లేదు. 1960 ఏప్రిల్ 1 నుంచి అమలైన సరిహద్దు మార్పుల్లో తిరుత్తణి మద్రాసుకు వెళ్ళి, బదులుగా చెంగల్పట్టు, సేలం జిల్లాల నుంచి కొన్ని గ్రామాలు మనకొచ్చాయి. మిగతా తెలుగు పల్లెలు గీతకు అవతలే ఉండిపోయాయి.

2006లో తమిళనాడు తెచ్చిన చట్టంతో బడుల్లో తమిళం తప్పనిసరి అయింది. తెలుగు మీడియం బడుల పిల్లలు పదో తరగతి పరీక్షలో మినహాయింపు కోసం ఏళ్ళ తరబడి కోర్టుల చుట్టూ తిరగాల్సి వచ్చింది. ఆ రాష్ట్ర భాష నేర్చుకోవడం అవసరమే, ఎవరూ కాదనరు. కానీ అమ్మభాష బడి మూతపడటం దానికి చెల్లించాల్సిన ధర కాకూడదు. ఆ గొంతు పూర్తిగా మూగబోలేదు కూడా. 2024 జూన్‌లో కృష్ణగిరి నుంచి గెలిచిన కె. గోపీనాథ్ లోక్‌సభలో తెలుగులో ప్రమాణం చేశారు.

ఈ దారిన వెళ్ళే పాఠకులకు ఒక మనవి. కోట ఎక్కండి, తప్పు లేదు. దిగాక ఊళ్ళోకి కూడా నడవండి. చెరువు కట్ట మీద వాలిన వీరగల్లు కనిపిస్తే ఫోటో తీసి కృష్ణగిరి మ్యూజియం వాళ్ళకు ఏ ఊళ్ళో ఉందో చెప్పండి. శాసనం మీద సున్నం కొట్టబోతుంటే ఆపమని గుడి పెద్దలను అడగండి. పల్లెల్లో ముసలివాళ్ళతో తెలుగులో మాట్లాడి, వాళ్ళు చెప్పే పాళెగాళ్ళ కథలూ కరువు కథలూ ఫోన్‌లో రికార్డు చేసుకోండి. కోటలకు పురావస్తు శాఖ కాపలా ఉంది. ఈ మాటలకు మాత్రం వినేవాళ్ళే కాపలా.

వచ్చే సంచికలో నది వెంటే ఇంకా కిందికి, సాత్తనూరు ఆనకట్ట దాటి తిరుక్కోవిలూరుకు.